తిరిగివచ్చిన సిపాయి – మన కథాసాహిత్యం

పాత ఉర్దూ గ్రంథాలు చదివేవారికి "తిలంగా" అనే మాట సుపరిచితమే. దాని అర్థం సిపాయి. 1757లో ప్లాసీ యుద్ధానికి ముందు క్లైవు మద్రాసు నుండి వంగదేశానికి తీసుకొనిపోయిన పటాలాలలో తెలుగునేల వారు ఉండడంచేత ఉత్తరాదివారు కుంఫిణీ సిపాయిలను ఆ పేరుతో పిలువసాగారు. నూరేండ్ల తరువాత, 1857లో, ఢిల్లీ వీధులలో తిరుగుబాటు జెండా ఎత్తిన సిపాయిలలో తెలుగువారు లేకపోయినా నాటి ఉర్దూ రచయితలు వారిని కూడ తిలంగాలనే వ్రాశారు. ఈ విధంగా మన జాతి పేరే ఒక గొప్ప భాషలో సైనికునికి పర్యాయపదమైనది. అయితే మన తెలుగులో సైనికుని మనస్సును విప్పి చూపిన కథలు, నవలలు ఎన్ని ఉన్నవని ప్రశ్నించుకొంటే వ్రేళ్ళ మీద లెక్కింపవలసి వస్తుంది. ఈ వైరుధ్యాన్ని గూర్చి మన విద్యార్థులతోను, సాహిత్యాభిమానులైన పెద్దలతోను కొంత ముచ్చటించవలెనని ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

మనం నివసిస్తున్న నేల యుద్ధం ఎరుగనిది కాదు. రెండవ మైసూరు యుద్ధకాలంలో, 1782 డిసెంబరు 7న, హైదరాలీ కన్నుమూసినది ఈ చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే. మలబారు తీరాన యుద్ధంలో ఉన్న టిప్పు వచ్చి చేరేవరకు మరణవార్తను సైన్యానికి తెలియనీయకుండ దాచారు. ఈ సంగతిని చరిత్రకారులు వివరంగానే వ్రాశారు. నవాబు మరణం చరిత్రకెక్కినది, వారసుని రాక చరిత్రకెక్కినది. అయితే ఆ గుడారాలలో రాత్రులు గడిపిన వేలాది సిపాయిల మాట ఏమైనది? ఇల్లు విడిచి ఎన్నాళ్ళయినదో లెక్క పెట్టుకొన్నవాడు, ప్రక్కవాని శవాన్ని పూడ్చి వచ్చి అన్నం ముందు కూర్చుండి ముద్ద మ్రింగలేకపోయినవాడు వారిలో ఉండకపోడు. వానిని గూర్చి చరిత్ర మౌనం వహించినది. చరిత్ర మౌనం వహించిన చోటనే సాహిత్యం నోరు విప్పవలెను. కల్పనకు గల బాధ్యత అదే.

మన ప్రాచీనులు ఈ బాధ్యతను విస్మరించలేదు. మనకు ఇరుగుపొరుగైన నెల్లూరు సీమలో, పదమూడవ శతాబ్దంలో, ఇద్దరు తిక్కనలు ఉండేవారు. ఒకడు ఖడ్గ తిక్కన, మనుమసిద్ధి సేనాని. రెండవవాడు కవి తిక్కన, అతనికి వరుసకు సోదరుడు. కాటమరాజుతో జరిగిన పోరులో ఓడి ఇంటికి వచ్చిన ఖడ్గ తిక్కనకు భార్య మంచం అడ్డుపెట్టి, స్త్రీలకు వలె పసుపుముద్దతో స్నానానికి నీళ్ళు ఏర్పాటు చేసినదని, తల్లి విరిగిన పాలు వడ్డించినదని కథ. అతడు సిగ్గుతో మరలి పోయి యుద్ధంలో ప్రాణాలు విడిచాడు. తరతరాలుగా మనం ఈ కథను స్త్రీల వీరత్వానికి నిదర్శనంగా చెప్పుకొంటున్నాము. దానిని మేము కాదనము. అయితే ఆ పసుపుముద్దను చూచిన క్షణంలో ఆ మనిషి గుండెలో ఏమి జరిగినదో చెప్పిన కథకుడు లేడు. ఇల్లు అనేది అలసినవానికి ఆశ్రయం. ఆ ఇంటి తలుపే మూసుకొన్నపుడు సైనికునికి మిగిలిన చోటు యుద్ధరంగమొక్కటే.

ఇక కవి తిక్కన చేసినది చూడండి. భారతంలోని యుద్ధషట్కాన్ని అంతటి ఉత్సాహంతో తెలిగించిన ఆ మహాకవే శాంతిపర్వాన్ని కూడ తెలిగించాడు. ఆ పర్వారంభంలో ధర్మరాజు విజేత. శత్రుశేషం లేదు, సింహాసనం సిద్ధంగా ఉన్నది. అయినా అతనికి నిద్ర లేదు. కర్ణుడు తన అన్న అని యుద్ధం ముగిసిన తరువాత తెలిసినది. రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. తమ్ముళ్ళు, భార్య, ఋషులు, చివరకు అంపశయ్యపై నున్న భీష్ముడు అతనిని ఓదార్చడానికి అంత పెద్ద పర్వం అవసరమైనది. గెలిచినవాని గుండెబరువును దించడానికి ఇన్ని మాటలు వెచ్చించిన కావ్యం ప్రపంచంలో మరొకటి ఉన్నదేమో మేము ఎరుగము. ఒకే వంశంలో ఒక తిక్కన నోరు విప్పకుండ మరణించాడు, మరొక తిక్కన అట్టివానికి నోరిచ్చాడు.

మన రాయలసీమ పల్లెలలో హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకొనే పీర్ల పండుగ కూడ ఒక యుద్ధస్మృతియే. క్రీస్తుశకం 680లో జరిగిన కర్బలా ఉదంతంలో హుర్ అనే సేనాని ఉన్నాడు. ఇమాం హుసేన్ పరివారాన్ని అడ్డగించడానికి పంపబడినవాడు అతడే. ఆజ్ఞకు, అంతరాత్మకు మధ్య నలిగి, యుద్ధం నాటి ఉదయం అతడు ఇటు పక్షానికి వచ్చి ప్రాణం అర్పించాడు. ఉర్దూ మర్సియా కవులు, ముఖ్యంగా మీర్ అనీస్, కర్బలా వీరుల శౌర్యంతో పాటు వారి దప్పికను, వీడ్కోళ్ళను, కన్నీటిని కూడ పాడారు. వీరుడు ఏడ్చినంత మాత్రాన అతని వీరత్వానికి లోపం రాలేదు.

ఆధునిక యుగంలో యుద్ధం యంత్రాల చేతికి పోయినది. దానితో సైనికుని మనోభారం కూడ రూపు మార్చుకొన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిగుండ్ల నడుమ నెలల తరబడి కందకాలలో గడిపినవారు దేహానికి గాయం లేకుండానే మాట పడిపోయి, చేతులు వణికి, నిద్రలో కేకలు వేయసాగారు. 1915 నుండి వైద్యులు దీనిని "షెల్ షాక్" అని వ్యవహరించారు. ఇట్టివారికి చికిత్స చేసిన ప్రముఖులలో రివర్స్ ఒకరు. అంతకు పూర్వం ఈయన మనకు ఎంతో దూరం కాని నీలగిరులలో తోడాజాతివారిని గూర్చి పరిశోధించి 1906లో గ్రంథం వెలువరించిన పండితుడు. కొండజాతివారి మాటలను ఓపికగా విన్న ఆయన, ఆ తరువాత సైనికుల మాటలను కూడ అదే ఓపికతో విన్నాడు. మరువమని బలవంతపెట్టడం కంటె చెప్పనివ్వడమే మేలని ఆయన గ్రహించాడు. అయితే అందరికీ అట్టి వైద్యుడు దొరకలేదు. పారిపోయారని, పిరికివారని ఆ యుద్ధకాలంలో బ్రిటిషు సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో గాని క్షమాపణ లభించలేదు. ఖడ్గ తిక్కన ముందు పెట్టిన పసుపుముద్దకు ఇది మరొక రూపం. ఈ మనోవ్యాధికి వైద్యశాస్త్రంలో నేటి పేరు 1980లో స్థిరపడినది. కథకులు మాత్రం అంతకు ఎంతో ముందే దానిని గుర్తించారు.

1929లో వెలువడిన రెమార్క్ జర్మను నవల "ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్" అందుకు తార్కాణం. అందులోని యువ సైనికుడు సెలవుపై ఇంటికి వస్తాడు. తండ్రి యుద్ధవిశేషాలు చెప్పమంటాడు, ఊరి పెద్దలు యుద్ధం ఎట్లా గెలవాలో అతనికే బోధిస్తారు, జబ్బుతో మంచం పట్టిన తల్లి అక్కడ కష్టంగా ఉన్నదా అని అడుగుతుంది. అతడు ఎవరికీ నిజం చెప్పలేడు. తుపాకిగుండు కంటె ఈ చెప్పలేనితనమే అతనిని ఎక్కువగా క్రుంగదీసినది. షోలకోవ్ 1956–57లో ప్రచురించిన "మానవుని విధి" కథలోని సొకొలోవ్ యుద్ధంలో భార్యను, కూతుళ్ళను, యుద్ధం ముగిసిన నాడే కొడుకును పోగొట్టుకొన్నవాడు. ఒక అనాథ బాలుని చేరదీసి, నేనే నీ తండ్రినని చెప్తాడు. పగలంతా నిబ్బరంగా ఉండే ఆ మనిషికి రాత్రి మేలుకొంటే తలగడ తడిసి ఉంటుంది.

మన దేశభాషలలో ఇట్టి రచనలు లేకపోలేదు. హిందీలో గులేరీ 1915లోనే ఫ్రాన్సు కందకాలలోని సిక్కు సైనికుని కథ వ్రాశాడు. ముల్క్‌రాజ్ ఆనంద్ 1939లో, పొలం కోసం పటాలంలో చేరిన పంజాబీ రైతుబిడ్డను పరాయివారి యుద్ధంలో నిలబెట్టి చూపాడు. వీటన్నిటిలో మమ్ములను మిక్కిలి కదిలించినది మాత్రం మంటో ఉర్దూలో వ్రాసిన "ఆఖరీ సెల్యూట్". రబ్ నవాజ్, రామ్‌సింగ్ బాల్యమిత్రులు. ఒకే సైన్యంలో చేరి రెండవ ప్రపంచయుద్ధంలో కలిసి పోరాడారు. దేశవిభజన తరువాత కాశ్మీరు కొండలలో ఎదురెదురు పక్షాలలో నిలువవలసి వచ్చినది. ఒకరినొకరు గుర్తుపట్టి, కొండల నడుమ కేకలు వేసుకొంటూ పూర్వపు చనువుతో తిట్టుకొంటారు. రబ్ నవాజ్ వేళాకోళానికి పేల్చిన గుండు మిత్రుని కడుపులో దిగుతుంది. ప్రాణం పోయే స్థితిలో రామ్‌సింగ్, ఎదుటికి వచ్చిన తన పాత అధికారికి అలవాటు చొప్పున సెల్యూట్ చేస్తాడు. ఆ అధికారి ఇప్పుడు శత్రుపక్షం వాడు. ఆ ఎత్తిన చేతిలోనే రచయిత సర్వం ఇమిడ్చాడు. శత్రువని చెప్పబడినవాని ముఖంలో స్నేహితుని చూచినవాడు ఆ బరువును ఏ దేశపు సరిహద్దు దగ్గర దించుకోగలడు?

తెలుగులో తిలక్ "సైనికుడి ఉత్తరం" ఉన్నది, కాని అది కవిత. 2015లో వచ్చిన "కంచె" చలనచిత్రం రెండవ ప్రపంచయుద్ధంలోని తెలుగు సైనికుని మనకు చూపినది. కథలో, నవలలో మాత్రం సైనికుడు తరచుగా సెలవుపై వచ్చి పెండ్లాడి పోయేవాడో, తంతి రూపంలో మరణవార్తగా వచ్చేవాడో అవుతున్నాడు. తెలుగువారికి యుద్ధానుభవం లేదనడం సరికాదు. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి "మిలిటరీ మాధవరం" అనే పేరు ఊరకే రాలేదు. మన సీమలో వానలు మొగం చాటేసిన ఏండ్లలో ఎందరో యువకులకు పటాలమే బువ్వ పెట్టినది. లోపం అనుభవంలో లేదు, వినే చెవిలో ఉన్నది. పింఛనుతో ఇంటికి వచ్చిన మాజీ సైనికుని మనం ఏమి అడుగుతాము? క్యాంటీను సామాను తెప్పిస్తావా అంటాము, పింఛను ఎంత అంటాము. రాత్రులు నిద్ర పడుతున్నదా అని అడిగినవారు అరుదు.

సైనికుని కన్నీటిని చిత్రిస్తే దేశభక్తి సన్నగిల్లుతుందని, యువకులు సైన్యంలో చేరడానికి జంకుతారని కొందరు పెద్దలు శంకిస్తారు. సదుద్దేశంతో చేసిన ఈ శంకను తేలికగా త్రోసివేయరాదు. అయితే భయం ఎరుగనివాడు ముందుకు నడవడంలో గొప్ప ఏమున్నది? భయాన్ని, దుఃఖాన్ని మోస్తూ నడిచినవాడే వీరుడు. ఆ బరువు ఎంతో చెప్పనిదే అతని వీరత్వం ఎంతో మనకు తెలియదు. సైనికుని రాతివిగ్రహంగా నిలిపి పూలమాల వేయడం సులభం. విగ్రహానికి ఆకలి లేదు, పీడకల లేదు, మనం బదులు చెప్పవలసిన ప్రశ్న లేదు. మనిషిగా చూచినపుడే అతనికి మనం ఏమి బాకీ పడ్డామో తెలుస్తుంది.

2020 నవంబరులో కాశ్మీరులోని మాచిల్ సెక్టారులో మన జిల్లా ఐరాల మండలానికి చెందిన హవల్దారు ప్రవీణ్‌కుమార్ రెడ్డి వీరమరణం పొందినపుడు జిల్లా యావత్తు తల వంచి నమస్కరించినది. అది మన ధర్మం. అట్టి పోరాటాల నుండి ప్రాణాలతో తిరిగివచ్చి, నేలకొరిగిన తోటివారిని తలచుకొంటూ బ్రతికేవారు కూడ మన మధ్య ఉన్నారు. వారికి అంతిమయాత్ర లేదు, తుపాకుల వందనం లేదు. వారికి మనం ఈయగలిగినది వినికిడి మాత్రమే.

కావున విద్యార్థినీ విద్యార్థులారా, కథ వ్రాయవలెనని ఉబలాటపడే మీరు వస్తువు కోసం దూరం పోనక్కరలేదు. ఈ వేసవి సెలవులలో మీ ఊరి మాజీ సైనికుని దగ్గర కూర్చోండి. పెద్దాయన్ను వీరగాథ చెప్పమని తొందరపెట్టవద్దు. ఆయన మౌనంగా ఉంటే మీరూ కొంతసేపు మౌనంగా ఉండండి. ఆయన భార్యను, ఆ అవ్వను, ఉత్తరం రాని నెలలు ఎట్లా గడిచినవో అడగండి. వారు వద్దన్న సంగతి వ్రాయవద్దు. వ్రాయదగిన దానిని ఉర్దూ విద్యార్థులు ఉర్దూలో, తెలుగు విద్యార్థులు తెలుగులో వ్రాసి, ఒకరి రచన నొకరు అనువదించుకోండి. రాబోయే సంచికలో ఇట్టి రచనలకు కొన్ని పుటలు కేటాయించవలసినదిగా కళాశాల సంఘం పెద్దలను సవినయంగా కోరుతున్నాము. ఉర్దూ తనకు ఎదురైన సిపాయికి మన పేరు పెట్టి పిలిచినది. ఆ సిపాయి చేత మన భాషలో మాట్లాడించవలసిన బాధ్యత మనదే.