బొమ్మకూ ఒక పహాణీ కావాలె

సంచికకు కవిత రాయమని మిత్రులు అడిగారు. కవిత్వం నాకు అబ్బలేదు. కొంతకాలంగా మనసులో మెదులుతున్న సంగతి ఒకటి రాస్తున్నాను, ఓపికగా చదవండి.

2025 మార్చి చివర హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఆ రోజుల్లోనే తిమ్మాజిపేట నుంచి మా చిన్నాయన నా ఫోనుకు ఒక బొమ్మ పంపాడు. వెనుక బుల్డోజర్లు, ముందు ప్రాణభయంతో ఉరికే జింకలు, నెమళ్లు. "చూసినవా బిడ్డా, ఎంత అన్యాలమో" అన్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి. తర్వాత తెలిసింది, అది కెమెరా తీసింది కాదు, కృత్రిమ మేధ గీసిందని. అట్లాంటివి అప్పుడు చాలా తిరిగాయి. పంచుకున్నవారికి పోలీసు నోటీసులు కూడా అందాయి.

ఈ మాట చెబితే చిన్నాయన, "అయితే ఆడ జింకలే లెవ్వా?" అని అడిగాడు. అసలు నష్టం అదే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నప్పుడు, స్థలం చూసివచ్చిన హైకోర్టు రిజిస్ట్రారు నివేదికలో నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయనే ఉంది. గీసిన జింకల మూలంగా ఉన్న జింకలను కూడా జనం నమ్మకుండా పోయారు.

బొమ్మలు గీయవద్దని నేననను. ఈ సంచిక అట్టకూ గీయించుకోవచ్చు. నా తగవంతా వాటిని దాచే తీరుతోనే. మన ఊళ్లలో పహాణీ తెలియనివారు లేరు. సర్వే నెంబరెంత, పట్టాదారెవరు, సాగులో ఉన్నదెవరు, అన్నీ అందులో ఉండాలి. గుంటెడు భూమికి ఉన్న ఆ కాగితం, ఊరినే కదిలించే బొమ్మకు లేదు.

రాయవలసినవి ఎక్కువేమీ కావు. ఏ మోడల్, దాని ఏ వెర్షన్, యంత్రానికి మనమిచ్చిన ప్రాంప్ట్, సీడ్ అనే అంకె, ఎన్ని దశల్లో గీసింది, తర్వాత ఎవరు ఏం దిద్దారు. సీడ్ అంటే యంత్రం ఏ చుక్కల గందరగోళం నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించే అంకె. ఇవన్నీ అట్లాగే ఉంచి మళ్లీ నడిపితే దాదాపు అదే బొమ్మ వస్తుంది. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చాక, దాన్ని నడిపే కొన్ని ప్రోగ్రాములు ఈ వివరాలను పి.ఎన్.జి. ఫైలు లోపలే రాసిపెడుతున్నాయి. బాగానే ఉంది. కానీ ఆ ఫైలును వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ రాత పోతుంది. స్క్రీన్‌షాట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే ఫైలు లోపలి రాతనే నమ్ముకుంటే లాభం లేదు. బొమ్మలు భద్రపరిచేవారు పక్కన వేరే రిజిస్టరు పెట్టాలి. ప్రాంప్ట్ తెలుగులో ఇస్తే తెలుగులోనే, తప్పులతో సహా దింపుకోవాలి. దిద్దినప్పుడు పాత వరుస కొట్టెయ్యకుండా కింద కొత్త వరుస రాయాలి. తెలియని గడిని ఖాళీగా వదలక "తెలియదు" అని రాయాలి. ఖాళీ గడి చూస్తే మరచిపోయారో, దాచారో ఎవరికెరుక?

పహాణీలోనే అబద్ధాలు రాస్తారు గదా అని మిత్రుడొకడు ఎకసెక్కం ఆడాడు. నిజమే. 2021లో అడోబి, మైక్రోసాఫ్ట్ మొదలైన కంపెనీలు కలిసి సి.2.పి.ఏ. అనే కూటమి పెట్టాయి. మధ్యలో ఎవరైనా మారిస్తే బయటపడేట్టు ఫైలుకు డిజిటల్ ముద్ర వేసే పద్ధతి వారిది. ఆ ముద్రనూ ఊడదీయవచ్చు. రిజిస్టరు అవసరం అప్పుడూ తప్పదు.

ఒక జాగ్రత్త మాత్రం మరువరాదు. నిజమైన ఫోటోలకు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారో రాయాలి గాని, ఊరేగింపులో తీసినవాళ్ల పేర్లు అందరి ముందూ పరచకూడదు. ఆ గడులు మూసి ఉంచాలి. నోటీసుల సంగతి చూశాం గదా.

మన యూనియన్ గదిలోని కంప్యూటర్లో వార్షికోత్సవాల ఫోటోలు, గీయించిన పోస్టర్లు ఒకే ఫోల్డర్లో కలిసిపోయి ఉన్నాయి. సెలవుల్లో కూర్చుని విడదీద్దామంటే నేను సిద్ధం. మొదటి వరుస ఇప్పటికే రాశాను. బొమ్మ: బుల్డోజర్లు, జింకలు. గీయించినది ఎవరు: తెలియదు. మోడల్: తెలియదు. ప్రాంప్ట్: తెలియదు. అందినది: 2025 ఏప్రిల్, తిమ్మాజిపేట నుంచి, చిన్నాయన పంపగా.