పసిగుండెలలో శిలీంధ్రము

నెలలు నిండని శిశువులను బ్రదికించు విద్య నేడు మనకు కరతలామలకమైనది. 2020లో మన దేశమున ఇట్టి శిశువులు సుమారు 30 లక్షలమంది జన్మించిరి. వీరిలో కిలోగ్రాము బరువైనను తూగని వారిని సయితము వైద్యులు గండము గడిపించుచున్నారు. అట్లు గడిపించిన బిడ్డను ఆసుపత్రిలోనే శిలీంధ్రము వాతబడనిచ్చుట న్యాయమా యని మేము ప్రశ్నించుచున్నాము.

కాండిడా యను శిలీంధ్రము మన చర్మముమీదను, ప్రేవులలోను సాధారణముగ నుండునదే. ఆరోగ్యవంతుల కది హాని చేయదు. కాని పాలు కుడువలేని పసికందునకు ఆహారమెక్కించుటకై రక్తనాళముగుండ హృదయసమీపము వరకు సన్నని గొట్టము నుంచుదురు. శిలీంధ్రము దాని నాశ్రయించి రక్తమున ప్రవేశించి, గుండెలో గడ్డ కట్టును. ఆ గడ్డ తునుకలు రక్తముతో కొట్టుకొనిపోయి మెదడును, మూత్రపిండములను చెరచును.

బిడ్డ మందగించుట, ఊపిరి తడబడుట మొదలగు లక్షణములు బాక్టీరియా వ్యాధులకును కలవు. కావున యాంటీబయాటిక్కులనే మరల మరల నిచ్చుట జరుగుచున్నది. అవి శిలీంధ్రమును చంపవు సరికదా, దానికి పోటీయైన సూక్ష్మజీవులను తొలగించి త్రోవ నిచ్చును. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున జరిగిన పరిశోధనలలో లభించి, 1948లో లోకమునకు వెల్లడియైన ఆరియోమైసిన్ మొదలు ఇట్టి మందులు అసంఖ్యాకప్రాణములను నిలిపినవి. మేము నిందించునది ఆ మందులను గాదు, హద్దెరుగని వాడుకను.

వ్యాధి సోకిన పిదప రక్తమును కల్చరు పరీక్షకు పంపవలెను; ఎకో పరీక్షచే గుండెను చూడవలెను; గొట్టమును తీసివేయవలెను; ఆంఫోటెరిసిన్ బి వంటి మందును వారములతరబడి ఎక్కింపవలెను. అయినను పెక్కుమంది దక్కరు. నివారణమో, సులభసాధ్యము: చేతుల శుభ్రత, అవసరము తీరిన తోడనే గొట్టమును తీయుట, తల్లిపాలు, మందుల మితము. వ్యాధి హెచ్చుగ నున్న ఆసుపత్రులలో వేయి గ్రాములకు లోబడిన శిశువులకు ఫ్లూకొనజోలును ముందుగనే యిచ్చు పద్ధతియు కలదు.

కావున ప్రభుత్వమువారును, ఆసుపత్రుల యజమానులును ఇంక్యుబేటర్లను కొని తృప్తిపడరాదు. ఒక్కొక్క నర్సుకు ఎందరు బిడ్డల నప్పగించితిరో లెక్క చూచుకొనవలెను. శిలీంధ్రమును గుర్తింపగల ప్రయోగశాలను ప్రతి జిల్లాకు అందుబాటున నుంచవలెను. యంత్రమునకు ప్రారంభోత్సవము జరుగును. చేయి కడిగిన నర్సుకు ఏ యుత్సవమును లేదు. కాని పసిగుండెను కాచునది ఆ చేయియే.