లాభము కంపెనీది, అప్పు ప్రజలదా?

హైదరాబాదు మెట్రో రైలును కంపెనీ చేతినుండి తీసికొనుటకు తెలంగాణ ప్రభుత్వము 2025 సెప్టెంబరులో సూత్రప్రాయముగా అంగీకరించినది. సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును ప్రభుత్వము తలకెత్తుకొనవలెను. వాటా నిమిత్తము లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి సుమారు మరి 2,000 కోట్లు చెల్లింపవలెను. ఈ వార్తను మన పఠనమందిరములలో చదివినవారు పెక్కండ్రు “ఇది తెలంగాణమువారి లెక్క, చిత్తూరు, తిరుపతుల వారికేమి?” అని పత్రికను మడచిపెట్టియుందురు. ఆ ఉదాసీనతయే మాకు భయము గొల్పుచున్నది. ఆ రైలునకు మూలమైన ఒడంబడికను 2010 సెప్టెంబరు 4వ తేదీన వ్రాసికొన్నది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము. మనము పంపిన శాసనసభ్యులు నాడా సభలో కూర్చుండియే యుండిరి. అట్టి ఒడంబడికలనే కేంద్ర ప్రభుత్వ విధానము నేటికిని కోరుచున్నది. కావున ఈ వ్యవహారమును ఆమూలాగ్రముగా విచారించుట మన విధి.

2008లో ఈ పనిని వేలములో దక్కించుకొన్నది మేటాస్ కంపెనీ. రైలు వేయువారెల్లరు ప్రభుత్వమును సాయమడుగుచుండగా, ఈ కంపెనీ తానే ఇజారా కాలములో ప్రభుత్వమునకు 30,311 కోట్లు ఎదురిత్తుననెను. టిక్కెట్లమ్మి ఇంత సొమ్ము గడించిన రైలు లోకములో నెచ్చటనున్నది? ఆ ధైర్యమునకు మూలము రైలుతోపాటు చేతికి రానున్న 296 ఎకరముల నగరభూమి. ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరన్ గారు ఇది కనిపెట్టి, కంపెనీ తన సొంత భూములవైపునకు మార్గమును త్రిప్పుకొని లాభము గుంజదలచినదేమో యను అనుమానమును ప్రణాళికా సంఘమునకు వ్రాసిరి. ప్రభుత్వము ఆ హితవును ఆలకించినదా? ఆయనపై పరువునష్టపు దావా వేయుదుమని బెదరించినది! కొలది మాసములకే, 2009 జనవరి 7వ తేదీన, సత్యం కంప్యూటర్స్ లెక్కలు బూటకములని దాని అధిపతియే ఒప్పుకొనెను. ఆ కుటుంబమువారిదే యైన మేటాస్ ధనము కూర్చలేకపోయెను. జూలైలో ఒడంబడిక రద్దయ్యెను. సత్యము అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుకనుండి చదివినచో మేటాస్ అగును. ఇంతకంటె స్పష్టమైన హెచ్చరిక ఏ ప్రభుత్వమునకు దొరకును?

ఐనను పాఠము నేర్వలేదు. మనిషి మారెను గాని దస్తావేజు మారలేదు. క్రొత్త కంపెనీకి 35 ఏండ్ల ఇజారా, 269 ఎకరముల భూమిపై కట్టడపు హక్కు, అంతియగాక 1,458 కోట్ల ప్రభుత్వ సాయము. రాబడిలో సగము మాత్రమే టిక్కెట్లవలన, సుమారు 45 వంతులు అంగళ్లు, కచ్చేరీలు అద్దెకిచ్చుటవలన వచ్చునని అంచనా. అనగా ప్రయాణికుడు ఆ రైలునకు సగము యజమాని. తక్కిన సగము యజమాని అద్దెకుండు వర్తకుడు. కట్టడపు పనిలో లోపమున్నదని మేమనము. 2017 నవంబరు 28న మియాపూరునుండి నాగోలు వరకు 30 కిలోమీటర్లు తెరచి, 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లు పూర్తిచేసిరి. మా తగవు ఇంజనీరులతో కాదు, ఒడంబడిక వ్రాసినవారితో. అంచనా వేసిన అద్దెలు రాలేదు. 2020లో మహమ్మారివలన రైళ్లు మాసములకొలది నిలిచెను. 2025 మేలో గరిష్ఠపు చార్జీని 60 రూపాయలనుండి 75కు పెంచి, జనుల ఆక్రోశమునకు వెరచి కొలదిదినములలోనే పదవవంతు తగ్గించిరి. తుదకు కంపెనీ తన బరువును ప్రభుత్వము భుజముపై దింపినది. వేరు ఒప్పందము లేనిచో భాగస్వాములు నష్టమును సమముగా భరింపవలెనని మా న్యాయశాస్త్రము ఏనాడో చెప్పినది. లాభము వచ్చిన కంపెనీ పెట్టెకు, రాకున్న ప్రజల బొక్కసమునకు అను ఈ ఏర్పాటునకు ఏ పేరు పెట్టవచ్చునో పాఠకులే నిర్ణయింతురు గాక.

సొమ్ముమాట అటుండనిండు. మార్గము ఎటు పోయినదో చూడుడు. రెండవ మార్గము జూబిలీ బస్సు నిలయమునుండి పాతబస్తీలోని ఫలక్‌నుమా వరకు పోవలెనని నకాసాలో గీసిరి. మహాత్మాగాంధీ బస్సు నిలయమువద్దనే అది నిలిచిపోయెను. మిగిలిన 5.5 కిలోమీటర్లు కంపెనీ కాలములో కట్టబడనే లేదు. 1591లో చార్మినారు చుట్టును పుట్టిన నగరము పేరు మోయు రైలు ఆ చార్మినారునకే చేరలేదు! క్రొత్త కంపెనీల కచ్చేరీలున్న రాయదుర్గమునకు మాత్రము 2019లోనే చేరినది. పూజాస్థలములు, ఇండ్లు తగులునని పాతబస్తీవారు అభ్యంతరము చెప్పిన మాట నిజమే. అది వారి హక్కు. అభ్యంతరము కలిగిన చోట మార్గమును నేలక్రిందికి దింపుట తెలియని విద్యయా? అద్దె రాని పేటకై అదనపు ఖర్చు పెట్టుట ఏ కంపెనీకిని గిట్టదు. అసలు కారణమిది. ఆ భాగమునకు 2024 మార్చిలో క్రొత్త ప్రభుత్వము మరల శంకుస్థాపన చేయవలసివచ్చెను.

నేలక్రింది మార్గము ఎట్లుండునో చూడవలెనన్న మనవారు దూరము పోనక్కరలేదు. చెన్నపట్టణములో మొదటి దశ 45 కిలోమీటర్లలో సుమారు 24 కిలోమీటర్లు భూగర్భముననే యున్నవి. సెంట్రలు స్టేషనువద్ద రెండు మార్గములును నేలక్రిందనే కలియుచున్నవి. ఎగ్మూరు, కోయంబేడు బస్సు నిలయము, విమానాశ్రయము, అన్నియు ఆ మార్గములకు తగులుచున్నవి. ఆంధ్రదేశపు బస్సులకై 2018లో తెరచిన మాధవరమునుండి రెండవ దశలో రెండు మార్గములు బయలుదేరునట్లు ఏర్పాటు చేసిరి. జనులు దిగుచోట రైలు నిలుచునట్లు గీసిన నకాసా యిది. దాని యజమాని ఎవరు? కేంద్ర, తమిళనాడు ప్రభుత్వములు సమభాగములుగా పెట్టిన సంస్థ. భూగర్భ మార్గము నిరపాయమని మేము చెప్పుటలేదు. కలకత్తాలో 2019లో సొరంగము త్రవ్వుచుండగా బౌబజారులో ఇండ్లు కూలినవి. ఖర్చును అధికమే. కాని ఆ ఖర్చును, ఆ అపాయమును తూచి నిర్ణయించు అధికారము ప్రజలకు జవాబుదారియైన చేతులలో నుండవలెను.

ప్రభుత్వ పనియన్న ఆలస్యము, అవినీతి యని ప్రతివాదులందురు. కలకత్తా మెట్రోకు 1972లో శంకుస్థాపన జరుగగా 1984లో గాని మొదటి రైలు కదలలేదని సాక్ష్యము చూపుదురు. సరియే. కాని ఢిల్లీలో 2002లో ప్రారంభమైనదియు ప్రభుత్వ సంస్థయే కదా! ఇక కంపెనీలకు పుట్టినిండ్లైన దేశముల సంగతి చూతము. లండనులో 1863 జనవరి 10వ తేదీన లోకములో మొట్టమొదటి భూగర్భ రైలు నడిపినది సొంత కంపెనీయే. పలు కంపెనీలు పలు మార్గములు వేసి, తుదకు 1933లో అవియన్నియు ఒక ప్రజాసంస్థ క్రిందికి వచ్చెను. న్యూయార్కులో 1904లో నగరము తన సొమ్ముతో కట్టించి కంపెనీకి నడుపనిచ్చెను. 1940లో ఆ నగరమే కంపెనీలను కొనవలసివచ్చెను. డెబ్బదియేండ్లకు ఒకరు, ముప్పదియారేండ్లకు మరియొకరు నేర్చిన పాఠమును మనము ఎనిమిదేండ్లలో నేర్చితిమి. కాని గురుదక్షిణ మిక్కిలి యైనది.

ఇక మన ఇంటిమాట. 2014నాటి పునర్విభజన చట్టము పదమూడవ షెడ్యూలులో, విశాఖపట్టణమునకును, విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతమునకును మెట్రో వీలుపడునో లేదో ఒక సంవత్సరములోగా పరిశీలింతుమని కేంద్రము వ్రాసియిచ్చినది. పదియేండ్లు గడచినపిమ్మట, 2024 డిసెంబరులో, విశాఖకు 46 కిలోమీటర్లు, విజయవాడకు 38 కిలోమీటర్లు మొదటి దశగా రాష్ట్ర ప్రభుత్వము ఆమోదించినది. ఈ నడుమ 2017లో కేంద్రము క్రొత్త విధానమొకటి తెచ్చి, సొంత కంపెనీలకు పాలులేనిదే మెట్రోకు సాయము లేదని షరతు పెట్టినది. హైదరాబాదులో కూలిన గోడనే కొలతగా బెట్టి క్రొత్త ఇండ్లు కట్టుమనుట యెట్టి న్యాయము? ఆ విధానములోనే మంచిమాటయు నొకటి కలదు: బస్సులు, ట్రాములు మొదలగు ఇతర సాధనములతో పోల్చిచూచిన పిమ్మటనే మెట్రో తలపెట్టవలెనట. ఆ పోలికను తెలుగులో అచ్చువేసి ప్రజలముందు పెట్టుమని అడుగుటకు మనకు హక్కున్నది.

మెట్రో విషయమున తిరుపతి పేరు ఆ షెడ్యూలులో లేదు. దినదినము వేలకొలది యాత్రికులు దిగు పట్టణమిది. ఎవరో ఒకరు రేపు మనకును ఒక నకాసా చూపకపోరు. ఆనాడు మనము మొదట అడుగవలసిన ప్రశ్న: గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును? రేణిగుంట జంక్షను, తిరుపతి స్టేషను, బస్సు నిలయము, అలిపిరి, వీనిని కలిపిన గీత యాత్రికునిది. ఊరిబయట ఎవరి చేలనో చుట్టివచ్చిన గీత భూవర్తకునిది. రెండవ ప్రశ్న: నష్టము వచ్చిన ఎవరిది? కొండమీద ధర్మరథములు ఉచితముగా తిరుగుచున్నవి. వాని లాభమెంతయని అడిగిన భక్తుని మేమెరుగము. ప్రజల రాకపోకలు ధర్మకార్యమని ఒప్పుకొన్న దేశములో పట్టణ రైలు మాత్రము అంగడియెట్లగును?

పఠనమందిర సభ్యులారా! ఒడంబడిక సంతకమైన పిమ్మట మొరపెట్టుకొనుట దావా కొట్టివేయబడిన పిమ్మట సాక్షులను వెదకుట వంటిది. మార్గపు నకాసా, భూముల పట్టిక, ఒడంబడిక షరతులు, ఈ మూడును సంతకమునకు ముందే తెలుగులో ప్రకటింపవలెనని ఊరూర తీర్మానించి మీ శాసనసభ్యులకు పంపుడు. పట్టాలు ప్రజల సొమ్ముతో పడునపుడు వాని దిక్కును నిర్ణయించువారును ప్రజలే కావలెను.