చెప్పు కరిచినా తెలియని పాదాలు

కొత్త చెప్పు కరిస్తే మనం విసుక్కుంటాం, రెండు రోజులు పాత చెప్పులతో తిరుగుతాం, బొబ్బ మానిపోతుంది. కరిచిన సంగతి తెలియడం వల్లనే ఇదంతా సాధ్యమవుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ఏళ్ల తరబడి షుగర్ వ్యాధితో జీవిస్తున్న అనేకులకు ఈ మాత్రపు రక్షణ కూడా లేదు. వారి అరికాళ్లలో స్పర్శ క్షీణించింది. చెప్పు కరుస్తూనే ఉంటుంది, వారు నడుస్తూనే ఉంటారు. ఇంట్లో ఎవరో నేల మీద నెత్తుటి మరక చూసి చెప్పేవరకు సంగతి బయటపడదు.

స్పర్శ తగ్గిన పాదానికి చెప్పులను ఎంపిక చేయవలసినది ఆ పాదం కాదు, కొలత. ఆ కొలత తీసే మనిషి ప్రభుత్వ ఆసుపత్రిలో, షుగర్ మాత్రలు ఇచ్చే గదికి పక్కనే ఉండాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం.

దుకాణంలో మనం చెప్పులను ఎంచుకునే పద్ధతి చూడండి. నెంబరు చెబుతాం, తొడుక్కుని నాలుగడుగులు వేస్తాం, "బాగానే ఉంది" అంటాం. దర్జీ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆది జాకెట్టు పట్టుకుని వెళ్లే మనం, పాదానికి ఆది అనే మాటనే ఎరుగం. నెంబరు పాదం పొడవును మాత్రమే చెబుతుంది, వెడల్పు ఊసెత్తదు. ఇంగ్లండు పద్ధతిలో ఒక నెంబరుకూ తరువాతి నెంబరుకూ మధ్య తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు, ఐరోపా పద్ధతిలో 6.7 మిల్లీమీటర్లు. ఆ నెంబర్లు వెడల్పయిన మన పాదాలను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి కావు.

స్పర్శ ఉన్నవారికి ఈ లోపం అసౌకర్యంతో పోతుంది. స్పర్శ లేనివారి విషయం వేరు. సరిపోయే చెప్పు వారికి వదులుగా ఉన్నట్లు తోస్తుంది, ఎందుకంటే అది కాలిని తాకుతున్నట్లే వారికి తెలియదు. గట్టిగా బిగిస్తే తప్ప "పట్టింది" అనిపించదు. అందుచేత వారు తమకు తాముగా ఒక నెంబరు చిన్నదే కొంటారు. ఎల్లారెడ్డి వైపు నుండి గల్ఫ్‌కు వెళ్లివచ్చిన ఒక కార్మికుడు నాకు గుర్తున్నాడు. ముందు భాగంలో ఇనుప రేకు ఉండే సేఫ్టీ బూట్లలో రోజుకు పది గంటలు నిలబడి పనిచేశాడు. పెద్ద నెంబరు ఇస్తే "కాలు లోపల ఆడుతున్నది సారూ" అని తానే చిన్నది అడిగి తీసుకున్నాడట. చిటికెన వేలి పక్కన మొదలైన పుండు ఎముకను చేరింది, ఆ వేలిని తీసివేయవలసి వచ్చింది. అతడి షుగర్ మరీ అంత ఎక్కువగా లేదు కూడా. తక్కువ ఒత్తిడి అయినా గంటల తరబడి ఒకేచోట నిలిస్తే అక్కడి సన్నని రక్తనాళాలు మూసుకుపోయి కండ చచ్చిపోతుంది. నొప్పి తెలిసినవాడు మధ్యలో ఒకసారి బూటు విప్పుతాడు. ఇతడు విప్పలేదు.

ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ ఒకటి చలిదేశాలలో ఉంది. మంచు కొండల మీద జారే స్కీయింగ్ క్రీడకు గట్టి ప్లాస్టిక్ బూట్లు వాడతారు. మన ప్రాంతం నుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిన పిల్లలలోనూ ఈ సరదా కలవారున్నారు. ఆ బూట్లు అమర్చడమే వృత్తిగా గల నిపుణుడు అక్కడ ఉంటాడు. అతడు పాదాన్ని మోపినప్పుడూ, మోపనప్పుడూ కొలుస్తాడు. లోపలి మెత్తని పొర తీసివేసి, ఉత్త డొప్పలో కాలు పెట్టించి, మడమ వెనుక ఎన్ని వేళ్ల సందు ఉందో చూస్తాడు. ఒరుసుకునేచోట ప్లాస్టిక్‌ను వేడిచేసి సాగదీస్తాడు. ఎందుకింత శ్రమ? దుకాణంలో హాయిగా తోచిన బూటునే ఎంచుకుంటే అది పెద్దదై, కొండ మీద కాలు పట్టు తప్పుతుంది గనుక. అక్కడ హాయి మోసం చేసి పెద్దది కొనిపిస్తుంది, ఇక్కడ తిమ్మిరి మోసం చేసి చిన్నది కొనిపిస్తుంది. సరదా కోసం జారేవాడి కాలికి గంటసేపు కొలత తీసే లోకంలో, కాలు పోగొట్టుకునే ప్రమాదమున్న రైతుకు ఐదు నిమిషాల కొలత కూడా దొరకకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. కామారెడ్డి నుండి నిజామాబాద్ వెళ్లే దారిలోని డిచ్‌పల్లిలో, ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. ఆనాడు కుష్ఠు వల్లనే వేళ్లు రాలిపోతాయని అందరూ నమ్మేవారు. 1946లో వెల్లూరుకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆ నమ్మకాన్ని మార్చాడు. పుండ్లకు అసలు కారణం స్పర్శ లేకపోవడం, దానివల్ల కలిగే గాయాలూ ఒత్తిడీ అని ఆయన, ఆయన సహచరులు చూపారు. దానికి మందుగా వారు తయారు చేయించినది చెప్పులనే. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు, అంటే ఎం.సి.ఆర్. అట్టతో చేసిన చెప్పులవి. తరువాత అమెరికా వెళ్లిన బ్రాండ్ అవే సూత్రాలను మధుమేహ రోగులకూ వర్తింపజేశాడు. మన జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఈనాటికీ రోగులకు ఎం.సి.ఆర్. చెప్పులు ఉచితంగా ఇస్తున్నారు. షుగర్ రోగి అరికాలూ అలాగే మొద్దుబారుతుంది, అక్కడా పుండు అదే తీరున పుడుతుంది. అతడికి మాత్రం మాత్రలు ఇచ్చి పంపిస్తాం.

కామారెడ్డి జిల్లా ఆసుపత్రిలోనూ, ఎల్లారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ దీనికి కావలసిన సామగ్రి అల్పం. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి, కాగితం, పెన్సిలు, ఎం.సి.ఆర్. అట్టలు. వాటితోపాటు శిక్షణ పొందిన ఒక చర్మకారుడు కావాలి. బస్టాండు దగ్గర చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే మనుషుల చేతిలో ఆ నేర్పు సగం ఇప్పటికే ఉంది. ఆ వృత్తిని చిన్నచూపు చూసిన సమాజం మనది, ఆ చేతులకు ఆసుపత్రిలో గౌరవప్రదమైన కుర్చీ వేయడానికి ఇది మంచి కారణం. బడ్జెట్ లేదనే మాట నేను ఒప్పుకోను. కాలు తీసివేసే ఒక్క శస్త్రచికిత్సకూ, తరువాతి మంచానికీ, పోయిన కూలికీ అయ్యే ఖర్చు ముందు ఈ ఖర్చు ఏపాటిది?

ఏర్పాటు వచ్చేవరకు ఇంట్లో చేయదగినది కొంత ఉంది. పాదాలు ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, కాగితం మీద నిలబడి, పెన్సిలును నిటారుగా పట్టుకుని మరొకరి చేత రెండు పాదాల చుట్టూ గీత గీయించండి. రెండు పాదాలూ తరచుగా సమానంగా ఉండవు, పెద్దదానినే లెక్కలోకి తీసుకోండి. ఆ కాగితాన్ని కత్తిరించి బూటు లోపల పరచండి. అంచులు ముడుచుకుంటే ఆ బూటు మీది కాదు. పొడవైన వేలికి ముందు కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. బొటనవేలి సందున గుబ్బ ఉండే హవాయి చెప్పులు స్పర్శ లేనివారికి పనికిరావు, మడమ వెనుక పట్టీ ఉన్నవి కావాలి. కొత్త జత మొదటి రోజు గంటకు మించి వద్దు, విప్పగానే ఎర్రబడిన చోట్లు వెతకండి. మెట్టెలు ధరించే తల్లులు వేళ్లు ఉబ్బితే వాటిని కొన్నాళ్లు తీసి ఉంచడం మంచిది, దీనికి శాస్త్రం అడ్డు రాదు, అత్తగారు వస్తే నా పేరు చెప్పండి.

ఈసారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు రోజూ తొడుక్కునే చెప్పులనే వేసుకుని వెళ్లండి. గది బయట విప్పకుండా చేతిలో పట్టుకుని లోపలికి నడిచి, వాటిని బల్ల మీద పెట్టలేకపోయినా కనీసం చూపించి, "డాక్టరు గారూ, నా పాదాలూ, ఈ చెప్పులూ ఒకసారి చూడండి" అని అడగండి.