కాగితం చేతిలో పెట్టారు, మాట మాత్రం చెప్పలేదు



మా వదినకు ఐదో నెల. ఊళ్లోకి వచ్చే ఆర్ఎంపీ "టిఫా స్కాన్ తీయించాలి" అని టౌన్లోని ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్ పేరు చీటీ మీద రాసిచ్చాడు. అక్కడికే పోవాలన్నాడు. మా అన్న కూలి డబ్బులు కూడబెట్టి ఇచ్చాడు. తోడు నేను వెళ్లాను. పొద్దున్నే వాగు దాటి, ఆటో ఎక్కి, బస్సు మారి చేరేసరికి పదకొండయింది. మూడింటిదాకా మంచినీళ్లు కూడా లేని బెంచీ మీద కూచోబెట్టారు. ఆఖరికి కౌంటర్లో పిల్ల కేక వేసింది: "ఆ కోయామె ఎవరు? రమ్మను."

మా వదినకు పేరుంది. చీటీ మీద రాసే ఉంది.

లోపల పట్టుమని ఐదు నిమిషాలు కూడా చూడలేదు. చూసినాయన డాక్టరో, మెషిన్ తిప్పే కుర్రాడో తెలియలేదు, ఎవరూ చెప్పలేదు. అంతకుముందే ఒక ఫారం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో చదివి వినిపించలేదు. రిపోర్టు చేతిలో పెట్టి "అంతా రాశాం, మీ డాక్టరుకు చూపించుకోండి" అన్నారు. మా డాక్టరంటే ఎవరు? ఆ ఆర్ఎంపీయే. ఆయన ఫొటోలు చూసి "బిడ్డ బాగుంది" అని బలం టానిక్ రాశాడు.

ఎనిమిదో నెల నిండుతుండగా ఒక రాత్రి వదినకు రక్తం పోవడం మొదలైంది. నొప్పి లేదు, రక్తం ఆగలేదు. బండి మా గూడెందాకా రాదు. రోడ్డుదాకా మంచం మీద మోసుకొచ్చి 108 ఎక్కించాం. ప్రభుత్వాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఆ పాత రిపోర్టు చూసి తలెత్తి అడిగింది: "మాయ కిందికుందని, 32 వారాలకు మళ్లీ స్కాన్ తీయాలని ఇందులోనే రాశారు కదమ్మా. మీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. ఇంగ్లీషులో రాశారు, అంతే. డిగ్రీ చదివిన నేను కూడా ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. ఆ తప్పు నాది కూడా.

ఆపరేషన్ చేశారు, రక్తం ఎక్కించారు. తల్లీ బిడ్డా బతికారు. బతికారు కాబట్టి ఇది ఎవరి లెక్కలోనూ లేదు. చస్తే మాతృ మరణమని రాస్తారు. చావు అంచుదాకా పోయి వచ్చినవాళ్లను రాసే రిజిస్టర్ ఏది?

ఐదో నెలలో మాయ కిందికి ఉండటం అరుదేమీ కాదు. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి అది పైకి జరిగిపోతుంది. కొందరికి జరగదు. అందుకే మళ్లీ చూడాలి. అప్పటికీ అలాగే ఉంటే, రక్తం ఎక్కించే వసతీ ఆపరేషన్ వసతీ ఉన్న ఆసుపత్రి దగ్గరికి ముందే చేరాలి. వాగులు పొంగే కాలంలో మా గూడెం మనిషికి ఈ ఒక్క మాట ప్రాణంతో సమానం. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. 1,500 రూపాయలు తీసుకున్నవాళ్లు ఆ నిమిషం ఇవ్వలేదు.

కొందరంటారు, "ప్రైవేటు వాళ్లు కూడా లేకపోతే మీకు స్కానే ఉండదు కదా" అని. మేం స్కాన్ వద్దనడం లేదు. స్కాన్ కావాలి. బిడ్డ వయసు, కవలలా కాదా, ఉమ్మనీరు, మాయ ఎక్కడుంది, ఇవన్నీ చెప్పేది అదే. కానీ బొమ్మ తీయడం వైద్యం కాదు, బొమ్మలో కనిపించింది తల్లికి చెప్పడం వైద్యం. ఇంకో మాట. మన ఆడవాళ్లను ఎక్కువగా పీడించే రక్తహీనత, సికిల్ సెల్ స్కాన్‌లో కనపడవు. వాటికి రక్తపరీక్ష కావాలి. బీపీ చూడాలి. రంగు ఫొటోలు చూపించి "అంతా బాగుంది" అంటే నమ్మి, వేలు పోసి తిరిగొస్తున్నాం.

చట్టాలు లేవా? ఉన్నాయి. 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి స్కానింగ్ సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలి. స్కాన్ చేసేది గైనకాలజిస్టో, రేడియాలజిస్టో, శిక్షణ పొందిన ఎంబీబీఎస్ డాక్టరో అయి ఉండాలి. మా వదిన వేలిముద్ర వేసింది ఆ చట్టం కింద నింపే ఫారం మీదే. బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదని ఆమె ఇచ్చిన హామీ అది. మంచి చట్టమే. కానీ అది పుట్టింది ఆడపిల్లల్ని కడుపులో చంపడం ఆపడానికి. తల్లికి విషయం అర్థమయ్యేలా చెప్పారా అని అడగడానికి కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే తనిఖీ అయిపోతుంది.

ఇక కమీషన్ల సంగతి. పేషెంటును పంపినందుకు డాక్టర్లు వాటాలు ఇవ్వడం, తీసుకోవడం 2002 వైద్య ప్రవర్తనా నియమావళి ప్రకారం నిషిద్ధం. మరి ఆ చీటీ మీద ఒక్క సెంటర్ పేరే ఎందుకుంటుంది? జవాబు ఊరందరికీ తెలుసు. అధికారులకే తెలియదట!

అసలు మనం అక్కడికి ఎందుకు పోవాల్సి వచ్చింది? 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద ప్రభుత్వాసుపత్రిలో గర్భిణికి స్కాన్‌తో సహా పరీక్షలన్నీ ఉచితం. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేయాలి. మేం పోతే మెషిన్ ఉంది, తీసే డాక్టర్ లేరు. ఆ ఖాళీ కుర్చీయే ప్రైవేటు సెంటర్‌కు పెట్టుబడి.

అందుకే మేం అడిగేవి ఇవి. ఏజెన్సీ ఆసుపత్రుల్లో స్కాన్ తీసే డాక్టర్ పోస్టులు నింపాలి. ప్రతి రిపోర్టుతో పాటు తెలుగులో నాలుగు ముక్కలు రాసివ్వాలి. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే మనిషిని ఐటీడీఏ ఆసుపత్రిలో కూచోబెట్టాలి. ప్రమాదం ఉందని తేలిన ప్రతి గర్భిణి సమాచారం అదే రోజు ఏఎన్ఎంకు చేరాలి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మనం చేయాల్సిందీ ఉంది. అక్కకో వదినకో తోడు వెళ్తే బెంచీ మీద ఫోన్ చూస్తూ కూచోవద్దు. గోడ మీద సర్టిఫికెట్ చూడండి. చేసేది ఎవరో పేరు అడగండి. బిల్లు అడగండి. బయటికొచ్చే ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు తీసుకోండి: మాయ ఎక్కడుంది? మళ్లీ స్కాన్ ఎప్పుడు? ఏం జరిగితే వెంటనే ఆసుపత్రికి రావాలి? ఆ జవాబు మన భాషలో ఆమెకు చెప్పండి, ఆశా కార్యకర్తకూ చెప్పండి. డబ్బు కట్టి తీసుకున్న వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 1995లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. బిల్లు లేకపోతే ఆ తలుపు దగ్గరే ఇబ్బంది పడతాం.

మా మేనకోడలికి ఇప్పుడు పళ్లొస్తున్నాయి. ఆ రిపోర్టు ఇంట్లో దూలానికి కట్టిన సంచిలో అట్లాగే ఉంది. అది పెద్దయి చదవడం నేర్చుకున్నాక, "ఇందులో రాసింది మా అమ్మకు ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న దానిదాకా ఎందుకు? మనమే ఇప్పుడు అడుగుదాం.

జోహార్!