వరి కోసేది మనం, జన్యువు కోసేది వాళ్లు

 

పోస్టు కొంచెం పెద్దది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు తమ్ముళ్లూ చెల్లెళ్లూ మాత్రం ఆఖరిదాకా చదవండి. మనం నాట్లేసి, కోతకోసి, కుప్పేసే బీపీటీ వరి గురించే ఇదంతా.

జీన్ ఎడిటింగ్ వరి మీద మనవాళ్లలో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి: "ఆ బియ్యం తింటే పిల్లలు పుట్టరంట, మనల్ని లేకుండా చెయ్యడానికే తెచ్చారంట." రెండోది: "మనకి సెంటు భూమి లేదు, ఆ గొడవేదో ఆసాములు చూసుకుంటారు, మనకెందుకు?" ఒకటి భయం, ఇంకోటి నిర్లక్ష్యం. చూడ్డానికి వేరుగా ఉన్నా రెండూ చేసే పని ఒక్కటే. మనల్ని గట్టు మీద నిలబెట్టి, నిర్ణయాలన్నీ వేరేవాళ్లకి వదిలేస్తాయి. ఈ రెంటినీ నేను ఒప్పుకోను. ఎందుకో వరసగా చెప్తాను.

ముందు జరిగిందేంటో చూద్దాం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు జీన్ ఎడిటింగ్ వరి రకాలు ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దాని పేరు 'కమల'. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న భారత వరి పరిశోధన సంస్థ తయారు చేసింది. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1, ఢిల్లీలోని పూసా సంస్థది. మరి ఇవి దేంట్లోంచి పుట్టాయి? కమల వచ్చింది సాంబ మసూరి నుంచి, అంటే మన బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో బయటికొచ్చిన బీపీటీ 5204 నుంచి. రెండోది ఎంటీయూ 1010 నుంచి, అంటే మార్టేరు నుంచి వచ్చిన కాటన్ దొర సన్నాల నుంచి. దేశం మొత్తానికి చూపించిన ఆ రెండు రకాలకీ తల్లులు మన కోస్తా పొలాలవే. అలాంటిది "మనకెందుకు" అని ఎలా అంటాం?

ఇప్పుడు అసలు ఏం చేశారో చూద్దాం. వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోను ఉంటుంది. వెన్నులో అది ఎంత ఎక్కువుంటే గింజలు అంత ఎక్కువ కడతాయి. సీకేఎక్స్2 అనే జన్యువు తయారు చేసే ఎంజైము ఆ హార్మోన్‌ని ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంటుంది. కమలలో ఆ జన్యువునే దెబ్బకొట్టారు. దీనికి వాడేది క్రిస్పర్ పద్ధతి. ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అడ్రసు చీటీలా పనిచేస్తుంది. దాని వెంట వెళ్లే ప్రొటీన్ కత్తెరలా పనిచేసి, చీటీలో ఉన్న చోటే డీఎన్ఏని కోస్తుంది. కణం ఆ కోతని అతుక్కునేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు తప్పుతాయి. దాంతో ఆ జన్యువు పనిచెయ్యదు. వెన్నులో హార్మోను నిలుస్తుంది, గింజ పెరుగుతుంది. ఆఖరికి మొక్కలో బయట జీవి డీఎన్ఏ మిగలదు. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువుని తెచ్చి పెట్టారు కదా, ఇది అలాంటిది కాదు.

అందుకే "పిల్లలు పుట్టరు" అనే ఫార్వర్డుకి ఆధారం లేదు. ప్రకృతిలో కూడా జన్యువులు ఇలా చెడుతుంటాయి, మారుతుంటాయి. బీపీటీ 5204 పుట్టుకే చూడండి. డాక్టర్ ఎం.వి. రెడ్డి మూడు రకాలు కలిపి దాన్ని చేశారు. అందులో జీఈబీ 24 అనేది తమిళ దేశపు కిచ్చిలి సాంబలో దానంతటది వచ్చిన మార్పు. తైచుంగ్ నేటివ్ 1 తైవాన్‌ది, మొక్క పొట్టిగా ఉండే గుణం ఇచ్చింది. మసూరి మలేషియా నుంచి వచ్చింది. మూడు దేశాల జన్యువులు కలిసిన అన్నమే మన పెళ్లిళ్లలో పెడుతున్నాం. కాబట్టి "జన్యువుని ముట్టుకోవడమే పాపం" అనేవాళ్లతో నేను లేను.

అలాగని అధికారుల మాటతోనూ లేను. వాళ్లనేది ఒక్కటే: "బయట జన్యువు లేదు కాబట్టి ఇక ప్రశ్నలు వద్దు." 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటి డీఎన్ఏ మిగలని జీన్ ఎడిటింగ్ మొక్కలని 1989 నియమాల్లోని 7 నుంచి 11 దాకా వదిలేసింది. అంటే జన్యుమార్పిడి పంటలకి ఉండే జీఈఏసీ గడప వీటికి లేదు. సరే, మొక్క వరకు ఆ వాదన అర్థమవుతుంది. కానీ మన ప్రశ్న ఒక్క మొక్క గురించి కాదు కదా!

మన ప్రశ్న బస్తాల గురించి. సాంబ మసూరి హెక్టారుకి సగటున 4.5 టన్నులిస్తే కమల 5.37 టన్నులిచ్చిందని, 20 రోజులు ముందే కోతకొస్తుందని ప్రకటించారు. ఆ ట్రయల్ లెక్కలు సరిపోలట్లేదని జీఎం ఫ్రీ ఇండియా కూటమి ఆరోపించింది, ఐసీఏఆర్ కాదంది. ఆ తగాదా పక్కనపెట్టి, ప్రభుత్వం చెప్పిన లెక్కే నిజమనుకుందాం. మన భాషలో చెప్పుకుంటే 75 కేజీల బస్తాల్లో ఎకరానికి 24 వచ్చే చోట 29 వస్తాయి. ఎకరానికి అయిదు బస్తాలు ఎక్కువ.

ఆ అయిదు బస్తాలు ఎవరివి?

డెల్టాలో కౌలు బస్తాల్లోనే మాట్లాడుకుంటారు. దిగుబడి పెరుగుతుందని తెలిసిన మర్నాడే ఆసామి కౌలు పెంచుతాడు. కౌలు రైతు నోరెత్తితే "నువ్వు కాకపోతే ఇంకొకడు" అంటాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలన్నా భూమి యజమాని ఒప్పందం కావాలి. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. ఎకరమో రెండెకరాలో కౌలుకి చేసే యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాలకి కాగితం మీద అసలు ఉనికే లేదు. ఇక కూలీల సంగతి చూస్తే, కోతకి మిషనొచ్చాక మనకి మిగిలింది నాట్లు, కలుపు, మిషను తిరగని బురద చేలు. 20 రోజులు ముందు కోతకొస్తే వెనకాల మినుముకో, మొక్కజొన్నకో తేమ దొరుకుతుంది, నిజమే. ఆ రెండో పంటలో మన కూలిరోజులు పెరుగుతాయా, దాన్నీ మిషనే మింగుతుందా? ఈ లెక్క ఎవరైనా వేశారా? జన్యువు మారితే వెన్ను మారుతుంది, వెన్ను మారితే కౌలు మారుతుంది, కూలి మాత్రం మారదు. అక్షరం అక్షరం లెక్కపెట్టి కోసే శాస్త్రానికి ఈ లెక్క చేతకాదంటే నేను నమ్మను. అడిగినవాళ్లు లేరు, అంతే.

అడిగితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. బీటీ పత్తి విత్తనంలో 450 గ్రాముల ప్యాకెట్టుకి 1,250 రూపాయలు టెక్నాలజీ ఫీజు కింద మోన్‌శాంటో గుంజుతుంటే, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కి వెళ్లింది. ఆ ఏడాదే ప్యాకెట్టు ధర 750కి దిగింది. జన్యువు మారలేదు, పురుగు మారలేదు, మారింది ధర ఒక్కటే. ధర అనేది శాస్త్రం కాదు, బేరం. బేరంలో కూర్చున్నవాడికే మాట ఉంటుంది.

ఇంకో కథ వినండి. మన సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాద్ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులు తట్టుకునే మూడు జన్యువులని మామూలు సంకరంతోనే దాంట్లోకి ఎక్కించి, 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' ఇచ్చాయి. ప్రతి తరంలో మొక్క డీఎన్ఏలో గుర్తులు చూసి కావాల్సినవే ఏరుకున్నారు. ఆ మూడింట్లో ఎక్స్ఏ21 ఎక్కడిదో తెలుసా? ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిది. కాలిఫోర్నియాలో పమేలా రొనాల్డ్ బృందం 1995లో ఆ జన్యువుని విడదీసింది, యూనివర్సిటీ పేటెంటుకి వెళ్లింది. "ఈ గడ్డి మాలీది కదా, వాళ్ల వాటా ఏది?" అనే ప్రశ్న వచ్చాకే, మూలదేశాల విద్యార్థులకి ఫెలోషిప్పులివ్వడానికి ఒక నిధి అనుకున్నారు. కలుపు అని తీసిపారేసే మొక్కలో కూడా కోట్లు ఉండొచ్చని, దానికి వాటా అడగొచ్చని ఆ కథ చెప్తోంది. మన దేశంలో 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో జాతీయ జన్యు నిధి ఉంది. ఏ రకం పుట్టుకలోనైనా ఒక ఊరి, ఒక సమూహం పాత్ర ఉంటే ఆ సమూహం పరిహారం అడగొచ్చు. రైతు పండించిన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ చట్టం మనలో ఎంతమందికి తెలుసు?

"ఇదంతా వరి సంగతి, మన తెగల సంగతేంటి" అంటారా? అక్కడికే వస్తున్నా.

వంశపారంపర్యం అనే మాట మనల్ని తాకినంతగా ఎవర్నీ తాకలేదు. 'జీన్' అనే పదం పుట్టింది 1909లో. అంతకు 38 ఏళ్ల ముందే, 1871లో బ్రిటిష్‌వాడు నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని తెగల్లో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగ అని రాసేశాడు. జన్యువు అంటే ఏంటో తెలియకముందే మన రక్తానికి తీర్పు చెప్పేశారు. బాపట్ల పక్కనున్న స్టువర్టుపురం ఆ తీర్పుకి కట్టిన ఊరు. ఎరుకల కుటుంబాలని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి, హాజరు వేయించుకుంటూ బతికించిన సెటిల్‌మెంటు. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి మొహం మారడం మాత్రం పోలేదు. దొంగతనానికి జన్యువు లేదు తమ్ముళ్లూ. ఆకలికి, భూమి లేకపోవడానికి, పోలీసు రికార్డుకి ఉన్న వారసత్వమే ఉంది. ఆ మాట శాస్త్రం తరఫున నిలబడి గట్టిగా చెప్పాల్సింది మనమే.

రక్తం సంగతీ అంతే. అమెరికాలో హవాసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ షుగర్ జబ్బు పరిశోధన కోసం 1990 నుంచి రక్తమిచ్చింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఆ రక్తాన్ని మానసిక జబ్బుల మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద పరిశోధనలకీ వాడారు. తెగ కోర్టుకెక్కింది. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇవ్వడానికి, మిగిలిన రక్తం తిరిగివ్వడానికి ఒప్పుకుంది. మన దగ్గర 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం వైపు ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టారు. అది జన్యు పరిశోధన కాదు, పిల్లల మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేల్చారు, అదీ చెప్తున్నా. నేనడిగేది సంతకం గురించి. హాస్టళ్లలో ఉన్న పిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు కమిటీ దాన్ని తప్పుపట్టింది. ఇప్పుడు 2023 నుంచి సికిల్‌సెల్ మిషన్ కింద దేశంలో 7 కోట్లమందికి, ఎక్కువగా ఆదివాసులకి, పరీక్షలు చేస్తున్నారు. మంచి పనే, చేయించుకోండి. కానీ ఆ చుక్క రక్తం తర్వాత ఎక్కడికి వెళ్తుంది, కార్డు మీద రాసింది ఎవరు చూస్తారు అని అడిగి మరీ చేయించుకోండి.

"అయితే సైన్సుకి దూరంగా ఉంటే పోలా?" అంటారు కొందరు అన్నలు. పోదు అన్నా. శ్రీహరికోటలో రాకెట్లు లేచినప్పుడు అక్కడి యానాదులు దీవి ఖాళీ చేశారు. సైన్సుకి దూరంగా ఉన్నందుకు సైన్సు వాళ్లని వదిలేసిందా? దూరంగా ఉంటే మనం దాని కిందే పడతాం. దగ్గరికెళితే దాని పక్కన నిలబడొచ్చు. ఇంగ్లీషువాడి 'బ్యాండికూట్' అనే మాటే మన పందికొక్కు నుంచి పోయింది. బొరియకి పొగ కుండ పెట్టి ఎలుకని పట్టే యానాది తాతకి ఆ జంతువు ఎప్పుడు ఈనుతుందో, ఏ గట్టులో గింజ దాస్తుందో తెలుసు. పేరు పుస్తకంలోకి ఎక్కింది, తాత ఎక్కలేదు.

కాబట్టి నా మాట ఇది. ప్రభుత్వాన్ని, శాస్త్రవేత్తల్ని మనం నాలుగు అడగాలి.

ఒకటి, కమల ట్రయల్ ఫలితాలన్నీ తెలుగులో, ఎకరాకి బస్తాల్లో, బయట పెట్టాలి. విత్తనం సంచి మీద జీన్ ఎడిటింగ్ రకం అని రాయాలి.

రెండు, క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి కాబట్టి, ఆ ఫీజు విత్తనం ధరలో పడదని, రైతు విత్తనం దాచుకునే హక్కు పోదని రాతపూర్వకంగా చెప్పాలి.

మూడు, కొత్త రకం వదిలే ముందు కౌలు, కూలి మీద దాని ప్రభావం లెక్కకట్టాలి. యజమాని సంతకం లేకుండా కౌలు కార్డు ఇవ్వాలి.

నాలుగు, మన తెగల నుంచి రక్తం తీసుకుంటే మన భాషలో చెప్పి తీసుకోవాలి. ఇంకో పనికి వాడాలంటే మళ్లీ అడగాలి.

అయిదోది మనల్ని మనం అడగాల్సింది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి మన ముంగిట్లోనే ఉంది. దాని పొలాల్లో మన అమ్మలు నాట్లేశారు, దాని లాబుల్లో మన పిల్లలెంతమంది? ఎస్టీ రిజర్వేషన్ 6 శాతం ఉంది. ఇంటర్లో బైపీసీ అనగానే "డాక్టరు సీటు రాదులే" అని మానేస్తున్నాం. అగ్రికల్చర్ బీఎస్సీ ఉంది, బయోటెక్నాలజీ ఉంది, జెనెటిక్స్ ఉంది. ఈ ఏడాది బైపీసీ రాస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ కింద మీ పేరు, ఊరు రాయండి. కౌన్సెలింగుకి, ఫీజు కాగితాలకి, హాస్టలుకి సీనియర్లం తలో చెయ్యి వేద్దాం. కొడవలి పట్టిన చేతికి ఆ కత్తెర బరువేం కాదు.