నడిమి దూలం

అమెరికా అనగానే మనకు డాలర్ల రాశులే తోస్తవి. కాని అక్కడి మధ్యతరగతి సంసారి అవస్థ వేరు. ప్యూ పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం 1971లో పెద్దలలో నూటికి 61 మంది మధ్యతరగతివారు. 2021 నాటికి 50 మందే. తగ్గిన 11 పాళ్ళలో 7 పైతరగతిలో, 4 కిందితరగతిలో కలిసినవి. "ఎక్కినవారే ఎక్కువ గదా!" అనవచ్చు. నిజమే. కాని మిగిలినవారికి ధీమా ఏది? చాలామందికి వైద్యబీమా ఉద్యోగంతోనే ముడి. కొలువు ఊడితే జబ్బు పడాలన్నా భయమే. చదువుల అప్పు కొంత మాఫీ చేయాలన్న ప్రభుత్వ పథకాన్ని 2023లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఎన్నికలనాడు మాత్రం రెండు పార్టీలూ మధ్యతరగతి నామమే జపిస్తవి!

ఇంటికి నడిమి దూలం వంటిది ఈ తరగతి. దూలం పుచ్చితే కిందివారికి నీడా లేదు, మేడమీదివారికి క్షేమమూ లేదు.